పిట్టల కోసం కట్టిన దారం

మంచిపని చేసే మనిషితో తగాదా పెట్టుకోవడమంత దిక్కుమాలిన పని ఇంకొకటి లేదు. దొంగను దొంగ అనవచ్చు. తాగుబోతును నాలుగు తిట్టి పడుకోబెట్టవచ్చు. తెల్లారగట్ల లేచి చెట్లకు నీళ్ళు మోసే మనిషిని పట్టుకుని "నువ్వు చేసేది తప్పు" అని ఒక్కసారి చెప్పి చూడండి. ఊరంతా ఆయన వైపే ఉంటుంది. మీరొక్కరే రాక్షసి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం నేను ఆ రాక్షసిగా బతికాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

సోలాపూర్ దాజీ పేట్‌లో మా ఇల్లు. ఎనభైలు అయిపోవస్తున్న రోజులు. ఇంటి ముందు గల్లీ నిండా సాంచాల చప్పుడు. కరెంటు మగ్గాలను మేము సాంచాలు అంటాం. ఇంటి వెనక మాత్రం ఒక పొడుగాటి ఖాళీ జాగా ఉండేది. వెడల్పు చూస్తే రెండు ఎడ్లబండ్లు పక్కపక్కన పోలేవు. పొడవు మాత్రం గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా. చేతి మగ్గాల కాలంలో అక్కడ పడుగులు, అంటే మగ్గానికెక్కించే నిలువు దారాలు, చాపి గంజి పెట్టేవారు, అందుకే దానికా ఆకారం. పడుగుల బయలు అనేవారు. సాంచాలు వచ్చాక గంజి పని మిల్లులకు పోయింది, బయలు దిక్కులేనిదయింది. కొన్నేళ్ళు అందులో చెత్త పోశారు, పందులు పొర్లాయి, మగవాళ్ళు గోడవైపు తిరిగి నిలబడ్డారు.

దాన్ని పచ్చగా చేసింది మా బావ. అంటే నా భర్తకు సొంత అన్న. చేతి మగ్గం మీద పేరున్న నేతగాడు. మగ్గం అమ్మేశాక సాంచా దగ్గర పనికి పోయాడు కానీ నిలవలేకపోయాడు. "గా చప్పుట్ల దారం తెగిన సంగతి చెవికి ఇనబడది" అనేవాడట. ఇంట్లో ఊరికే కూర్చుని కూర్చుని, ఒకనాడు పార తీసుకుని వెనక్కి వెళ్ళాడు. ఆయనలాగే పని పోయిన ముసలివాళ్ళు ఒకరిద్దరు వెంట వెళ్ళారు. చెత్త ఎత్తారు. వేప, కానుగ, ఎక్కడో ఉచితంగా పంచిన సుబాబుల్ మొక్కలు నాటారు. మేకలు రాకుండా చుట్టూ ముళ్ళకంప పెట్టారు. నల్లా నీళ్ళు తాగడానికే చాలని ఊరు మాది. బావ ఇంటింటికీ తిరిగి బియ్యం కడిగిన నీళ్ళు, స్నానం చేసిన నీళ్ళు డబ్బాలో పోయించుకుని, సైకిలుకు కట్టుకుని మోసేవాడు. నేనూ మా ఇంటి కుడితి నీళ్ళు దాచేదాన్ని. ఈ మాట ముందే చెబుతున్నాను, ఆయనంటే గిట్టక నోరు పెట్టాననుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు కనుక.

చెట్లు లేచాయి. పిట్టలు వచ్చాయి. గోరింకలు, పికిలి పిట్టలు, ఉడతలు, ఒక ముంగిస కూడా. నేను వెనక గుమ్మం దగ్గర చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేదాన్ని. ఎదురుగా కానుగ చెట్టు. ఆకు కత్తిరిస్తూ, జర్దా పోస్తూ, దారం చుడుతూ తలెత్తితే పచ్చటి కొమ్మ కనిపించేది. దాజీ పేట్‌లో ఎంతమంది ఆడవాళ్ళకు ఉంది ఆ భాగ్యం? బావ దయవల్లే కదా అని మనసులో దండం పెట్టుకునేదాన్ని.

మనసులోనే. ఎందుకంటే మాలో తమ్ముని భార్య బావతో ముఖాముఖి మాట్లాడకూడదు. ఆయన వస్తే కొంగు తల మీదికి లాక్కోవాలి, లేచి లోపలికి పోవాలి. ఏదైనా చెప్పాలంటే నా భర్తతోనో, మా యారాలితోనో చెప్పించాలి. యారాలంటే బావ భార్య, నేను అక్కా అని పిలిచేదాన్ని. పక్కపక్క ఇళ్ళే, ఒకటే గోడ. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆయనతో నేను ఒక్క మాట నేరుగా అనలేదు, ఆయనా అనలేదు. ఆయన మంచివాడు, నేను మంచిదాన్ని, మధ్యలో గోడ ఇంకా మంచిది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా ఏళ్ళు గడిచిపోయాయి.

ఇబ్బంది దారంతో మొదలయింది.

మా అత్తకు ఒక నమ్మకం ఉండేదట. మగ్గం మీంచి బట్ట కోశాక మిగిలిన నూలు కొసలను ఆమె పారేసేది కాదు, గోడ మీద పెట్టేది. పిట్టలు ముక్కున కరుచుకుపోయి గూట్లో పెట్టుకునేవి. "మన ఇంటి దారం పిట్ట గూట్లెకు పోతే మన మగ్గం ఆగది" అనేదట. ఆ మగ్గం ఆగింది, అమ్ముడూ పోయింది. అయినా బావకు ఆ మాట మీద నమ్మకం పోలేదు. తన మగ్గం పోతే పోయింది, గల్లీ మగ్గాలన్నా ఆగకూడదని, చెట్ల కొమ్మలకు నూలు కుచ్చులు కట్టడం మొదలుపెట్టాడు. తెల్ల నూలు. పిట్టలు నిజంగానే లాక్కుపోయేవి. చూడ ముచ్చటగానే ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

అంతలో కుర్రాళ్ళు దిగారు. ముసలివాళ్ళు చెత్త ఎత్తినప్పుడు ఒక్కడూ రాలేదు. చెట్టు నీడనిచ్చేంత అయ్యాక అందరికీ ప్రకృతి మీద ప్రేమ పుట్టింది. మండల్ అని ఒక సంఘం పెట్టారు. మరాఠీలో బోర్డు రాయించారు. టవళ్ళ కార్ఖానా నడిపే ఒకతను సెక్రటరీ అయ్యాడు. ఆదివారం పొద్దున టోపీలు పెట్టుకుని వచ్చి, బావ నీళ్ళు పోస్తుంటే పక్కన నిలబడేవారు. గోరంత పనికి కొండంత హడావుడి. బావ మాత్రం సంబరపడిపోయాడు. తన వెనక ఇంతమంది నిలబడడం ఆయన జీవితంలో అదే మొదలు.

సెక్రటరీ తన కార్ఖానా నుంచి గోనెసంచుల కొద్దీ దారం చిందర తెచ్చాడు. టవళ్ళ అంచులు కుట్టగా మిగిలిన నైలాన్ దారం. గులాబీ, ఆకుపచ్చ, పసుపు, తళతళా మెరిసేది. బావ దాన్ని వేళ్ళతో లాగి చూసి మురిసిపోయాడని అక్క చెప్పింది. "ఏం గట్టి దారమే! గీ దారంతోని గూడు కట్టుకుంటే తుఫాను ఒచ్చినా ఊడది" అన్నాడట. పుట్టినప్పటి నుంచీ నేతగాడు. నేతగాడికి గట్టి దారమే మంచి దారం. ఆ లెక్కన ఆయన అన్నది తప్పు కాదు. బయలంతా రంగు రంగుల కుచ్చులు వేలాడాయి. దారిన పోయేవాళ్ళు సైకిల్ ఆపి చూసేవారు.

ఒక మధ్యాహ్నం బీడీలు కడుతున్నాను. కానుగలో ఏదో టపటపా కొట్టుకుంటోంది. చూస్తే పికిలి పిట్ట. కాలికి గులాబీ దారం చుట్టుకుంది, ఇంకో కొస కొమ్మకు చిక్కుకుంది. ఎగురుతుంది, దారం లాగుతుంది, తలకిందులుగా పడుతుంది. మళ్ళీ ఎగురుతుంది. నేను స్టూలు వేసుకుని ఎక్కి బీడీల కత్తెరతో కొమ్మ దగ్గర దారం కోశాను. కాలి దగ్గరిది కోద్దామంటే అది చర్మంలోకి దిగిపోయింది, కత్తెర దూరలేదు. నా చేతిలోంచి జారి ఎగిరిపోయింది. మర్నాడు ముళ్ళకంప కింద చచ్చి పడి ఉంది, చీమలు పట్టి.

నేను రోజంతా దారంతోనే బతికేదాన్ని. బీడీకి చుట్టే దారం సన్నటి నూలు. కొంచెం గట్టిగా లాగితే పుటుక్కున తెగుతుంది. పిట్ట కాలికి చుట్టుకున్నా అంతే, ఒక్క ఊపుకు తెగుతుంది. ఈ నైలాన్ తెగదు. ఇందులో అర్థం కానిదేముంది? చెబితే అందరూ ఔను కదా అని నాలుక కరుచుకుంటారని, సాయంత్రానికి కుచ్చులన్నీ దిగిపోతాయని అనుకున్నాను. ఎంత వెర్రిదాన్ని!

రాత్రి అన్నం పెడుతూ నా భర్తతో చెప్పాను. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా? అన్నకు నేను చెప్పాల్నా? చిన్నప్పుడు నాకు లాగు తొడిగిన మనిషికి దారం సంగతి నేను నేర్పాల్నా?"

"నేర్పుమంటలే. పిట్ట సచ్చింది, సూడమను."

"పిట్టలన్నంక సావవా? మనుషులే సస్తున్నరు."

అక్కకు చెప్పాను. నల్లా దగ్గర బిందెలు నింపుకుంటున్నాం. ఆమె బిందె కిందపెట్టి నా మొహం చూసింది. "ఓ పిల్లా, మగ్గం అమ్మినంక ఆయన నవ్వింది గా చెట్ల కాడనే. దాన్ని గూడ గుంజుకుంటవా?" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నా నోరు మూతపడింది. చెట్లను గుంజుకుంటానని ఎవరన్నారు? దారం సంగతి కదా నేను చెప్పింది! కానీ ఏడ్చే మనిషి ముందు ఏం వాదిస్తాం. బిందె నెత్తికెత్తుకుని పళ్ళు కొరుక్కుంటూ ఇంటికి వచ్చాను.

ఇక మిగిలింది సెక్రటరీ. అతను వరసకు మరిది అవుతాడు, మాట్లాడడానికి అడ్డు లేదు. ఆదివారం టోపీతో వచ్చినప్పుడు పిలిచి చెప్పాను. చచ్చిన పిట్ట సంగతి, నూలు సంగతి, నైలాన్ సంగతి అన్నీ విడమరిచి చెప్పాను. అతను తల ఊపుతూ మొత్తం విన్నాడు. వినేవాళ్ళలో తల ఊపేవాళ్ళంత ప్రమాదకరమైనవాళ్ళు లేరు.

"వదినా, కాయ్‌కో పరేషాన్ అయితున్నవ్? ఒక్క పిట్ట ఇరుక్కుందని పూరా కామ్ బంద్ చేస్తమా? రోడ్డు మీద యాక్సిడెంట్ అయితే రోడ్డు బంద్ చేస్తరా? నువ్వు హాయిగా బీడీలు సూస్కో. నిసర్గ్ సంగతి మేం సూస్కుంటం."

నిసర్గ్ అంటే ప్రకృతి. అది వాళ్ళ శాఖ అట. నాది బీడీల శాఖ. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

సరే, చెబితే వినని వాళ్ళకు చేసి చూపిద్దామనుకున్నాను. మధ్యాహ్నం గల్లీ అంతా కునుకు తీసే వేళ కత్తెర పట్టుకుని బయల్లోకి పోయి, చేతికందిన కుచ్చులన్నీ కోసి పొయ్యిలో వేశాను. మర్నాడు మళ్ళీ కోశాను. నైలాన్ కాలిన కంపుకు ఇల్లంతా దగ్గాం. మూడో నాడు గోడ అవతల బావ గొంతు వినిపించింది, ఎంత సంతోషంగానో. "చూసినవా, కింది కుచ్చులన్ని మాయమైనయ్! పిట్టలకు మస్తు నచ్చినట్టుంది నైలాన్ దారం. ఇంకో సంచి తెమ్మని చెప్పాలె సెక్రటరీకి."

ఇంకో సంచి వచ్చింది. ఈసారి నిచ్చెన వేసి, నాకు అందనంత ఎత్తున కట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియక చాట ముందు కూర్చుని ఆ పూట బీడీలన్నీ వంకరగా చుట్టాను. బీడీలు దాఖలు చేసే చోట సగానికి సగం పక్కన పారేశారు, అదొకటి.

ఎండలు ముదిరేసరికి కానుగలో ఇంకో పికిలి జంట గూడు కట్టింది. నా గుమ్మానికి సరిగ్గా ఎదురుగా, నిచ్చెన లేనిదే అందని కొమ్మ మీద. పుల్లల మధ్య పసుపు దారం, గులాబీ దారం తళతళా మెరుస్తున్నాయి. గుడ్లు పెట్టింది. పిల్లలు లేచాయి. మెడలు చాపి నోళ్ళు తెరుస్తుంటే ఆ దారాలు వాటి మెడల మీదుగా కదిలేవి. నాకు చేతులాడేవి కాదు. గూడు ముట్టుకుంటే తల్లి వదిలేసి పోతుందేమో, ముట్టకపోతే పిల్లలు ఎగిరే నాడు దారం పట్టేస్తుందేమో. నా భర్తను నిచ్చెన తెమ్మని బతిమాలాను. "కట్టింది అన్న, కోసేది నువ్వా?" అన్నాడు. అక్కను మళ్ళీ అడిగాను, ఈసారి కాళ్ళ మీద పడినంత పని చేశాను. "ఒక్కసారి ఆయనను మా గుమ్మం కాడికి పంపు అక్కా. నేను లోపటికి పోత. ఆయననే కండ్లతోని సూడమను." సరేనంది. పంపలేదు. ఆయన సంతోషానికి అడ్డుపడడానికి ఆమెకు చేతులు రాలేదు, నాకది తెలుసు. తెలిసినా కడుపు మంట ఆరలేదు. అంతమందిమి ఉన్నాం, ఆయనకు ఒక్క మాట చేరవేసే మనిషి లేడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఊదినవాడి నోరు నొప్పి. ఇక్కడ ఆయన చెవిటివాడు కూడా కాదు, శంఖమే ఆయన దాకా పోనివ్వలేదు.

తొలకరి పడింది. మొక్కలు నాటే కార్యక్రమం పెట్టారు. కార్పొరేటర్ వస్తున్నాడు, బావకు శాలువా కప్పుతారు. బయల్లో షామియానా, కుర్చీలు, లౌడ్ స్పీకర్. గల్లీ ఆడవాళ్ళం ఒక పక్కన గోనెపట్టాల మీద కూర్చున్నాం. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు కుర్చీలో, ఎటు చూడాలో తెలియనట్టు కూర్చున్నాడు. సెక్రటరీ మైకు పట్టుకున్నాడు. మగ్గం మనిషి పిట్టలకు కూడా ఇల్లు నేసి ఇచ్చాడని అన్నాడు. చప్పట్లు కొట్టారు. బావ తల దించుకుని నవ్వుకున్నాడు. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నాకు ఆ చప్పట్ల వెనక తల్లి పికిలి అరుపు వినబడుతోంది. దారంలో చిక్కిన మొదటి పికిలి కూడా అలాగే అరిచింది. లేచి ఇంటి వైపు పరిగెత్తాను. పిల్లల్లో ఒకటి ఎగరబోయి గూటి కింద వేలాడుతోంది. దారం కాలికీ రెక్కకీ కలిపి చుట్టుకుంది. తల్లి నోట్లో పురుగు పట్టుకుని వచ్చి, వేలాడే పిల్లకు తినిపించబోతోంది. అది నోరు తెరవడం లేదు.

షామియానా కట్టిన వాళ్ళ నిచ్చెన అక్కడే ఉంది. దాన్ని ఈడ్చుకొచ్చి, గుమ్మం దగ్గరి కత్తెర అందుకుని ఎక్కాను. దారం కోసి పిల్లను అరచేతిలోకి తీసుకున్నాను. గుండె కొట్టుకుంటోంది, అంతే. దిగాక నేను ఆగలేదు. ఆలోచించలేదు. కుర్చీల మధ్య నుంచి నడిచిపోయాను. కొంగు తల మీద ఉందా జారిందా నాకు తెలియదు, జారిందని తర్వాత గల్లీ అంతా చెప్పింది. బావ ముందు నిలబడి, అప్పుడే కప్పిన శాలువా మీద, ఆయన ఒళ్ళో ఆ పిల్లను పెట్టాను.

"బావా, గిది సూడుండ్రి. మీరు కట్టిన దారమే. నేసేటోళ్ళకు తెగని దారం మంచిది, పిట్టకు తెగే దారమే మంచిది. ఎండకాలం సంది చెప్పిస్తనే ఉన్న. మీ దాక ఒక్కరు చేరనియ్యలే. గందుకే నేనే వచ్చిన."

లౌడ్ స్పీకర్ గుయ్‌మంటోంది. నా భర్త రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. బావ నా వైపు చూడలేదు. పిల్ల కాలి నుంచి వేలాడే దారం కొసను రెండు చూపుడు వేళ్ళకు చుట్టి ఫట్‌మని లాగాడు. నేతవాళ్ళంతా అలాగే తెంపుతారు, కత్తెర కోసం చూడరు. తెగలేదు. మళ్ళీ లాగాడు. వేలు తెగి రక్తం చిమ్మింది. దారం అలాగే ఉంది. ఆయన వేలి వైపు, దారం వైపు, ఒళ్ళో పిల్ల వైపు చూస్తూ కూర్చుండిపోయాడు.

"జరా బాజూలా వ్హా, బాయీ" అని నన్ను ఎవరో పక్కకు జరిపారు. కార్పొరేటర్ కొబ్బరికాయ కొట్టాడు. మొక్క నాటాడు. ఫొటో తీశారు. ఆ ఫొటోలో బావ శాలువాతో ఉన్నాడు, చేతులు ఒళ్ళో మూసుకుని. ఆ చేతుల్లో ఏముందో ఫొటోలో కనిపించదు. పిల్ల పొద్దుగూకక ముందే చచ్చిపోయింది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటేనే నాకు ఇంకా కోపం. నల్లా దగ్గర, కిరాణా కొట్టు దగ్గర, బీడీల వరసలో, ఎక్కడికి పోయినా ఒకటే మాట. "బావ మీదికి పోయిందట." "కొంగు లేదట నెత్తి మీద." "ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి." పిట్ట ఏమైందని ఒక్కరు అడగలేదు. కొంగు ఏమైందని అందరూ అడిగారు. నా భర్త వారం రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, చాలు. క్షమించమని బావకు చెప్పించమన్నారు ఇంటి పెద్దలు. నేను చెప్పించలేదు. ఏం తప్పు చేశానని? చెప్పించీ చెప్పించీ కదా ఇంతదాకా వచ్చింది!

బావ మాత్రం మర్నాడు తెల్లారేసరికే నిచ్చెన మీద ఉన్నాడు. కొమ్మ కొమ్మా వెతికి కుచ్చులన్నీ కోసి సంచిలో వేశాడు. వేలికి గుడ్డ పట్టీ. నేను గుమ్మం వెనక నుంచి చూశాను. పోనీలే, మాట చేరింది అనుకున్నాను. అక్కడితో అయిపోతే ఈ కథ చెప్పే పని లేకపోయేది.

ఆదివారం మండల్ వాళ్ళు వచ్చి చూసి గొల్లుమన్నారు. పేపర్లో ఫొటో పడింది, దారం కుచ్చుల చెట్లని రాశారు, చూడడానికి జనం వస్తున్నారు, చెట్లు చూస్తే బోడిగా ఉన్నాయి! బావ ఏదో చెప్పబోయాడు. "అన్నా, గిదంత నీ ఐడియానే గదా. నీ పేరు మీదనే నడుస్తుంది. నువ్వు ఆరామ్ చెయ్, మేం కట్టుకుంటం" అన్నాడు సెక్రటరీ. మళ్ళీ కట్టారు. బావ మళ్ళీ కోశాడు. మళ్ళీ కట్టారు. ముసలాయనకు మతి చెదిరింది, పొగిడిందంతా తలకెక్కిందని కూడా అన్నారు. మా గల్లీతో ఆగలేదు. పేపరు చూసి కొంతం చౌక్ వైపు ఒక గుడి ఆవరణలో కట్టారు, ఒక బడి ముందు కట్టారు, అశోక్ చౌక్ దాకా వేపచెట్లన్నిటికీ కట్టారు. నేత పేటల్లో దారానికి కరువా! ప్రతి కార్ఖానా వెనకా సంచులే. వానలకు ఆ దారాల రంగు వెలిసింది గానీ ఒక్కటీ తెగలేదు.

బావ సైకిలెక్కి బయలుదేరాడు. ఒక్కో పేటకు, ఒక్కో గల్లీకి పోయి దారం విప్పమని అడగడమే పని. ఎక్కడికి పోయినా దండాలు పెట్టారట. కుర్చీ వేశారట. చాయ్ తాగించారట. "పేపర్ల వచ్చిన పెద్దమనిషి" అని పిల్లలను పిలిచి చూపించారట. ఆయన చెప్పింది తలలూపుతూ విన్నారట. తిరిగి వచ్చేటప్పుడు ఒకచోట ఆయన సైకిలు క్యారియర్‌కు నైలాన్ దారం సంచి ఒకటి కట్టి పంపారు, మా వంతు సేవ అని. ఇదంతా నాకు అక్క చెప్పింది. చెబుతూ ఏడ్చింది. ఈసారి ఆమె ఏడుపు చూసి నా నోరు మూతపడలేదు. "అప్పుడు నేను చెప్పినప్పుడు ఆయన చెవిల ఏసుంటే అయిపోతుండె గదా అక్కా" అన్నాను.

ఒక మధ్యాహ్నం నేను వెనక గుమ్మం దగ్గర బీడీలు కడుతుంటే బావ సైకిలు తోసుకుంటూ బయల్లోకి వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. వెనక క్యారియర్ మీద మళ్ళీ ఒక సంచి. నేను చాట దించి, కొంగు లాక్కుని లేచాను లోపలికి పోవడానికి.

"లోపటికి పోకమ్మా."

నేను అటూ ఇటూ చూశాను. అక్క లేదు, నా భర్త లేడు. నాతోనే. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది. ఆయన సైకిలు కానుగకు ఆనించి, దూరంగా నేల మీదే కూర్చున్నాడు.

"అశోక్ చౌక్ కాడికెల్లి ఒస్తున్న. బడి ముందట గోరెంక ఒకటి యాలాడుతుంది చెట్టుకు. చూపెట్టిన. 'అవునవును కాకా' అంటరు. చాయ్ పోస్తరు. ఇంటున్నట్టే ఉంటరు, ఒక్కడు ఇనడు. ఏ గల్లీకి పోయినా గంతే. నా పానం ఇసిగిపోయింది." తల ఎత్తి మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. "నువ్వు గన్ని దినాలు ఎట్ల ఓర్చుకున్నవమ్మా?"

ఆ ఎండాకాలం అంతా, ఆ వానాకాలం అంతా ఒక్కరు అడగని మాట అడిగాడు. నాకు ఏడుపు రావాల్సింది. రాలేదు. వచ్చింది కోపమే, ఆ రోజు కూడా.

"ఓర్చుకున్ననని ఎవరన్నరు బావా?"

ఆయన ముఖం తిప్పుకోలేదు. నేను లోపలికి పోలేదు.